చీజ్ బిస్కెట్ల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నువ్వు పంపిన కారం చీజ్ బిస్కెట్ల వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి వంటింట్లో నిలబడి, నువ్వు చెప్పినట్టే పిండి కలుపుతూ చదివాను. అది చదివేవాళ్లను ఎక్కడెక్కడ ఒంటరిగా వదిలేస్తోందో అప్పుడు తెలిసింది.

"తగినంత చీజ్, రుచికి ఉప్పు" అన్నావు. ఏ చీజ్? మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది ప్రాసెస్డ్ చీజ్. బాగా మాగిన చెడార్ రకం చీజ్‌కి ఉండే పులుపూ ఘాటూ దానికి ఉండవు. ఉప్పు మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి బిస్కెట్లకే అలవాటు కొద్దీ "ఉప్పు ఒక చెంచా" అని రాసేశాను, చేసి చూడకుండా. చుట్టాలొస్తారని చేసి, పళ్లెమంతా పారబోయాల్సి వచ్చిందని ఒకావిడ ఉత్తరం రాసింది. ఆ తర్వాత చేసి చూడని వంట ఒక్కటీ రాయలేదు. నువ్వూ రాయకు.

నేను చేసిన కొలత ఇది: 100 గ్రాముల మైదా, 100 గ్రాముల చెడార్ తురుము, 75 గ్రాముల ఉప్పులేని చల్లని వెన్న, అర చెంచా కారం, అర చెంచా వాము, కాసిని దంచిన మిరియాలు. విడిగా ఉప్పు వెయ్యలేదు. ఇంగ్లండులో వీటిలో కయెన్ కారం, ఆవపిండి వేస్తారు. నువ్వు వాము వేశావు, చాలా నచ్చింది. ఎందుకేశావో మాత్రం చెప్పలేదు. వెన్న, చీజ్ కలిస్తే మొహం మొత్తుతుంది. వాము నలిపి వేస్తే ఆ జిడ్డు తెలియదు. జంతికలు తిని పెరిగినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు, నీ వెంట వచ్చేస్తారు.

"పిండి బాగా పిసకాలి" అన్నది తీసెయ్యి. అది చపాతీల అలవాటు. పిసికితే మైదా సాగి, బిస్కెట్ గట్టిపడుతుంది. వేళ్లతో దగ్గరికి చేర్చి, కర్రలా చుట్టి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అయిదు మిల్లీమీటర్ల బిళ్లలు కొయ్యమని రాయి.

తర్వాత 180 డిగ్రీల ఓవెన్. అందరూ "బంగారు రంగు వచ్చేవరకు" అనే రాస్తారు, నువ్వూ అదే రాశావు. కాస్త ఆగి చూడు. ముందు వెన్న కరిగిన వాసన వస్తుంది, తర్వాత చీజ్ వేగిన వాసన. అంచులు ఎర్రబడతాయి, నడుమ ఇంకా లేతగానే ఉంటుంది. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. చల్లారాకే కరకరలాడతాయి. ఈ చివరి మాట రాయకపోతే కొత్తవాళ్లకు టెన్షన్. ఉడకలేదనుకుని మళ్లీ లోపల పెడతారు, చీజ్ మాడి చేదెక్కుతుంది.

ఇంకోటి. మందు పక్కన పెట్టుకునేవని ఒకచోట అని, మొహమాటపడి వదిలేశావు. మంచింగ్ అనే మాట మన ఇళ్లలో అందరూ అనేదే, ధైర్యంగా రాయి. బీరు చేదుకి ఈ ఉప్పూ కారమూ బాగా కుదురుతాయి. తాగనివాళ్లకు నిమ్మసోడా పక్కనా అంతే బావుంటాయి. ఒక చేతిలో గ్లాసుంటుంది కనుక ఒక్క ముక్కలో నోట్లో పట్టేంత ఉండాలి, పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దగా.

మా పాత ఓవెన్‌లో పావుగంట పట్టింది. నీ దాంట్లో ఎంతసేపు పట్టిందో చూసి, రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పిన్ని