తెల్ల బియ్యం పాతబడాలి, తవుడున్న గింజ పాతబడకూడదు

రోజూ వండే బస్తా కాకుండా దంపుడు బియ్యం, నల్ల బియ్యం, కొర్రలు, పాస్తా కూడా ఇంట్లో ఉంచుకోవాలనుకుంటున్నాం, నలుగురికి ఏది ఎంత కొనాలి, భీమవరం చెమ్మలో పురుగు పట్టకుండా ఎలా దాచాలి అని అడిగారు కదండీ. ముందు ఒక్క సంగతి పట్టుకోండి. తెల్ల బియ్యానికి పాతదనం గుణం, తవుడు పోని గింజకు అదే పాతదనం దోషం. బస్తాగా తెచ్చుకోవాల్సింది ఏదో, కిలోగా తెచ్చుకోవాల్సింది ఏదో దీన్నిబట్టే తేలిపోతుంది.

రోజువారీ అన్నానికి మన వైపు రెండు పేర్లు చాలు. ఒకటి స్వర్ణ, అంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029 రకం. రెండోది సాంబ మసూరి, బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204. అన్నం సన్నగా, మెత్తగా కావాలంటే బీపీటీ. చద్దన్నానికీ, కాస్త కడుపులో నిలబడే అన్నానికీ స్వర్ణ. పేరు కంటే పంట అడగడం ముఖ్యం. సార్వా, అంటే వానాకాలం పంట వడ్లు నవంబరు, డిసెంబరుల్లో ఇంటికొస్తాయి కాబట్టి, జూన్ తర్వాత కొనే సార్వా బియ్యం ఆరు నెలలు దాటినవి అవుతాయి. నిల్వలో గింజ గట్టిపడి, నీళ్లు ఎక్కువ పీల్చి, పొడిగా విడివిడిగా ఉడుకుతుంది. దాళ్వా, అంటే రెండో పంట గింజ ఎండలు ముదిరాక కోతకొస్తుంది, చిట్లి నూక ఎక్కువవుతుంది. అందుకే ఆ వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతాయి. మేలో "పాతవేనండీ" అని చూపిస్తే, ఏ పంటవో గట్టిగా అడగండి.

నమ్మకం కుదరకపోతే పావుకిలో తెచ్చి వండి చూడండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తే పాతవి పొడిగా వస్తాయి, కొత్తవి ముద్దవుతాయి. కొత్తవాటికి గ్లాసున్నర సరిపోతుంది. పరమాన్నానికీ పొంగలికీ మాత్రం ఆ ముద్దే కావాలి, కనుక సంక్రాంతి నాటికి కొత్త బియ్యం రెండు కిలోలు విడిగా ఉంచుకోండి. బస్తా కొనేటప్పుడు కిలో ధర లెక్కేసుకోండి. ముందే కట్టి లేబుల్ వేసిన 25 కిలోల వరకూ ప్యాకెట్ల మీద 2022 జులై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ పన్ను తగలకుండా 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే.

దంపుడు బియ్యం దగ్గరే చాలామంది నష్టపోతారు. ఆరోగ్యానికి మంచిదని ఒకేసారి 25 కిలోలు తెస్తారు, మూడో నెలకి డబ్బా మూత తీస్తే కనరు వాసన. ఊక వలిచేటప్పుడు తవుడు పొర గీసుకుపోతుంది, అందులోని నూనెకు గాలి తగిలి చెడుతుంది. మన ఉక్కపోతలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. నలుగురికి ఐదు కిలోలు, రెండు నెలల్లో అయిపోయేలా కొనండి. పట్టించిన తేదీ చెప్పలేని కొట్లో వద్దు. గుప్పెడు అరచేతిలో రుద్ది వాసన చూడండి, గడ్డివాసన లాంటి తాజా వాసన రావాలి. గంట నానబెట్టి, గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి వండండి. నానబెట్టకుండా వండితే పైపొర రబ్బరులా సాగుతుంది, పిల్లలు ముట్టరు.

నల్ల బియ్యం కిలో చాలు. కాలాబట్టి అన్నా, ఇంకేం పేరు చెప్పినా, ఒక గింజని గోటితో విరవండి. లోపల తెల్లగా ఉండాలి, ఎందుకంటే ఆ రంగు తవుడు పొరలోనిది. లోపలికీ దిగిందంటే అది పూసిన రంగే. కడిగిన నీళ్లు ఊదాగా రావడం సహజం, భయపడకండి. రాత్రంతా నానబెట్టి ఒకటికి మూడు నీళ్లు పోయండి.

చిరుధాన్యాల్లో కొర్రలు, సామలు కిలో చొప్పున మొదలుపెట్టండి. కొర్రలు లేత పసుపుగా ఉండాలి. పాలలా తెల్లగా మెరిస్తే తవుడు మొత్తం తీసేసినట్టే, డబ్బు దండగ. ఐదు రకాలు కలిపిన ప్యాకెట్లు నేను వద్దంటాను. సామలు పేస్టయ్యేసరికి అరికలు ఇంకా పలుకు మీదే ఉంటాయి. ఇసుక తప్పకుండా ఉంటుంది, రెండుసార్లు గాలించాకే నానబెట్టండి.

పాస్తాకి పెద్ద తతంగం లేదు. పదార్థాల వరసలో మొదట డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వ ఉండాలి, మైదా కాదు. వంద గ్రాములకు ప్రొటీన్ 12 గ్రాములు దాటితే మంచిది. "కొర్రల పాస్తా" అన్నవాటిలోనూ ఆ వరస చదవండి. ఎక్కువ బరువున్నదే ముందు రాయాలి, కొర్రలు మూడో పేరైతే తినేది గోధుమే. వంద గ్రాములకు లీటరు మరిగే నీళ్లు, రెండు చెంచాల ఉప్పు. ప్యాకెట్ మీది సమయానికి ఒక నిమిషం ముందు ఒకటి కొరికి చూడండి. మధ్యలో సూదిమొనంత తెల్లచుక్క మిగిలి ఉండగానే వార్చేస్తే, కూరలో వేశాక సరిగ్గా ఉడుకుతుంది.

ఇక పురుగు. గుడ్లు గింజలోపలే ఉండి మనింటికొస్తాయి, వేపాకు వాటిని చంపదు. కిలో, రెండు కిలోల ప్యాకెట్లను తేగానే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకండి, విప్పితే గింజ మీద చెమ్మ పట్టి బూజు వస్తుంది. బస్తా నెలలో అయిపోతుంది కాబట్టి దానికి స్టీలు డ్రమ్ము చాలు, నేలకూ గోడకూ తగలకుండా పీట మీద పెట్టండి. పురుగు కనబడితే బియ్యాన్ని ఎండబెట్టొద్దు, గింజ పగిలి వండితే నూకన్నం అవుతుంది. చెరిగి నీడలో ఆరబోయండి. బోరిక్ పౌడరు కలపకండి. అడుగున మిగిలిన గుప్పెడు మీద కొత్త బస్తా పోయకండి, ఆ గుప్పెడే కొత్తవాటికి పురుగు అంటిస్తుంది. డ్రమ్ము ఖాళీ చేసి, తుడిచి, బాగా ఆరాకే నింపండి. ప్రతి డబ్బా మూత మీదా కొన్న నెల రాసిన కాగితం అంటించండి.