కొమ్ములున్నది బల్లికా, తొండకా?

ప్రశ్న: అమెరికా ఎడారి జంతువులపై పిల్లల వ్యాసం ఒకటి అనువదిస్తున్నాను. టెక్సస్‌లో ఒళ్ళంతా ముళ్ళు, తలమీద కొమ్ములు ఉండే ‘హార్న్‌డ్ లిజర్డ్’ అనే ప్రాణిని ‘కొమ్ముల బల్లి’ అనాలా, ‘కొమ్ము తొండ’ అనాలా? అక్కడివాళ్ళు దాన్ని కప్ప అంటారట! అది ‘కళ్ళనుంచి రక్తం కారుస్తుంది’ అని రాశాను. సరేనా?

జవాబు: ‘కొమ్ముల తొండ’ అనండి.

ఇంగ్లీషువారి ‘లిజర్డ్’ గంపగుత్త మాట. బల్లి, తొండ, ఊసరవెల్లి, ఉడుము అన్నీ అందులో పడతాయి. మనం దేని పేరు దానికే పెట్టుకున్నాం. నిఘంటువులో ముందు కనబడింది కదా అని బల్లిని తెచ్చి ఎడారిలో వదిలితే ఎలా? మన ఇంటి బల్లి గోడకు అతుక్కుంటుంది, దానికి ఆడే కనురెప్పలు లేవు. టెక్సస్ ప్రాణి గోడలెక్కేది కాదు. ఎండపొద్దున చీమల బారు పక్కన చేరి ఒక్కొక్కదాన్నే నాలుకతో అందుకుంటుంది, జడిస్తే ఇసుకలో ఒళ్ళు పూడ్చుకుంటుంది. దానికి రెప్పలున్నాయి, వాటితో మనకు ముందు పని ఉంది. కుటుంబం వేరే అయినా, శాస్త్రజ్ఞులు దాన్ని తొండ, ఊసరవెల్లి ఉన్న పెద్ద శాఖలోనే ఉంచారు. ‘తొండ ముదిరితే ఊసరవెల్లి’ అన్నవాడికి ఇదంతా తెలుసని నేననను గానీ, చుట్టరికం మాత్రం నిజమే. ఇక సంస్కృతంలో ‘శృంగసరటం’ లాంటివి కల్పించారో, పిల్లలు పుస్తకం మూసేస్తారు.

కప్ప అన్నవారిని తప్పుపట్టలేం. పళ్ళెంలా పరుచుకున్న ఆ ఒళ్ళు అలాంటిది. శాస్త్రీయ నామం ‘ఫ్రైనోసోమా’కు కూడా గ్రీకులో కప్ప ఒళ్ళనే అర్థం. మన ముళ్ళపంది మాత్రం పందా? కథలో టెక్సస్ తాత చేత ‘కొమ్ముల కప్ప’ అనిపించండి, బాగుంటుంది. వ్యాసంలో వద్దు.

‘కొమ్ము’ ఎందుకు కాదంటే, కొమ్ముకోనం అనే చేప ఉంది చూడండి, దానికి ముందుకు పొడుచుకొచ్చిన కొమ్ము ఒక్కటే. ఈ తొండకు తల వెనుక రెండు పెద్దవి, పక్కల చిన్నవి ఉంటాయి. చారల గుర్రం, చుక్కల దుప్పి, ముళ్ళపంది అన్నట్టే కొమ్ముల తొండ. ముళ్ళనూ కొమ్ములనూ మీరు విడదీసి రాయడం బాగుంది. ఒంటిమీదివి మొనదేలిన పొలుసులు, తలమీదివి పుర్రె ఎముకతోనే పెరిగినవి.

‘కారుస్తుంది’ మాత్రం మార్చండి. కారడం దానంతటది జరిగేది, కన్నీరులా, చీమిడిలా. ఇక్కడ జరిగేది వేరు. కయోటీ (అమెరికాలో ఉండే, నక్కలాంటి కుక్కజాతి జంతువు) మీదికొచ్చినప్పుడు ఈ తొండ తలనుంచి వెనక్కి వెళ్ళే రక్తాన్ని బిగబడుతుంది. కళ్ళచుట్టూ ఒత్తిడి పెరిగి రెప్పలు ఉబ్బుతాయి, సన్నని నాళాలు పగిలి నెత్తురు ధారగా, ఒక్కోసారి 4 అడుగుల దాకా ఎగసిపడుతుంది. ఆ రుచి కుక్కజాతి జంతువులకు గిట్టదు. గురిచూసి ఒత్తిడితో వదిలేదానికి మనకు ‘చిమ్మడం’ ఉంది. రంగులు చల్లుకునే చిమ్మనగ్రోవి పేరు అందులోంచి వచ్చిందే. ‘కళ్ళనుంచి నెత్తురు చిమ్ముతుంది’ అని రాయండి. కయోటీకి తెలుగు పేరు వెతక్కండి, అది కయోటీగానే ఉండనివ్వండి.