సోల్డరింగ్ స్టేషన్ కొనేముందు బిట్ గురించి తెలుసుకోండి

మీరు రెండు సంగతులు అడిగారు. 25 వాట్ల మామూలు ఐరన్‌తో ఇంతకాలం పని చేసి, ఇప్పుడు ఇన్వర్టర్ బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచ్ మోడ్ పవర్ సప్లైలు) బాగుచేసే పని మొదలుపెట్టారు కాబట్టి ఏ సోల్డరింగ్ స్టేషన్ (ఉష్ణోగ్రతను అదుపు చేసే ఐరన్) కొనాలన్నది మొదటిది. కొత్త బిట్ (టంకాన్ని కరిగించే లోహపు కొన ముక్క) వేసిన కొద్ది వారాలకే నల్లబడి టంకం పట్టడం ఎందుకు మానేస్తోందన్నది రెండవది. హైదరాబాదులో చాలా ఏళ్లుగా పవర్ సప్లైలు, కంట్రోల్ బోర్డులు మరమ్మతు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండు ప్రశ్నలకూ జవాబు బిట్ దగ్గరే ఉంది. డిస్‌ప్లే ఎంత పెద్దది, డబ్బా మీద ఎన్ని వాట్లు రాశారు అన్నవాటికంటే, లోపలి వేడి బిట్ కొన ద్వారా జాయింటుకు ఎంత త్వరగా చేరుతుందో, ఆ బిట్లు మీ ఊళ్లో మళ్లీ దొరుకుతాయో లేదో చూసుకుని కొనడం మేలు.

మామూలు ఐరన్‌లో ఉష్ణోగ్రతను అదుపు చేసే ఏర్పాటేమీ ఉండదు. స్టాండులో ఊరికే ఉన్నప్పుడు దాని బిట్ అవసరానికి మించి వేడెక్కిపోతుంది, తీరా దళసరి ట్రాకుకు ఆనించగానే చల్లబడి టంకాన్ని ముద్దలా నిలబెడుతుంది. స్టేషన్‌లో సెన్సర్ ఉంటుంది కనుక బిట్ చల్లబడగానే హీటర్‌కు ఎక్కువ కరెంటు వెళుతుంది. అయితే తెర మీద కనిపించే అంకె సెన్సర్ ఉన్నచోటి ఉష్ణోగ్రతే తప్ప జాయింటుది కాదు. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న టంకం వైరు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అయినా మనం బిట్‌ను 330 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచుతామంటే, ఆ తేడా ఉంటేనే వేడి జాయింటులోకి వేగంగా పారి, ప్యాడ్ (బోర్డు మీద కాలు అతికే రాగి చోటు) దెబ్బతినకముందే రెండు మూడు సెకన్లలో పని పూర్తవుతుంది. ఆ వ్యవధిలో బిట్ కోల్పోయిన వేడిని తిరిగి ఎంత త్వరగా పుంజుకుంటుందన్నదే ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ మధ్య అసలైన తేడా.

ఈ విషయంలో స్టేషన్లు రెండు రకాలు. హాకో 936, దాని తరువాత వచ్చిన ఎఫ్‌ఎక్స్-888డి వంటివాటిలో సిరామిక్ హీటర్ హ్యాండిల్‌లో ఉంటుంది, బోలుగా ఉండే బిట్ దాని మీద తొడుగులా కూర్చుంటుంది. రెండింటి నడుమ సన్నని గాలి సందు ఉంటుంది కాబట్టి వేడి అందడంలో కాస్త ఆలస్యం తప్పదు. హాకో టి12, జేబీసీ సి245 వంటి కార్ట్రిడ్జ్ రకాల్లో హీటర్, సెన్సర్, బిట్ మూడూ ఒకే పుల్లలో కలిసి ఉంటాయి. సెన్సర్ కొనకు దగ్గరగా ఉండడం వల్ల బిట్ చల్లబడిన సంగతి వెంటనే తెలుస్తుంది, దాదాపు 70 వాట్ల శక్తితోనే పాత రకం కంటే స్పష్టంగా ఎక్కువ పని జరుగుతుంది. ఇన్వర్టర్ బోర్డుల మీద వెడల్పాటి రాగి పొరలు, వరుసగా నిలబెట్టిన మాస్‌ఫెట్ల (ఎక్కువ కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్ల) కాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ లగ్గులు ఉంటాయి కనుక మీ పనికి కార్ట్రిడ్జ్ రకమే తగినదని నా అభిప్రాయం. చిన్న బోర్డులు, తీగ కాళ్లు ఉన్న భాగాలు మాత్రమే చేసేవారికైతే 936 తరగతి స్టేషన్ ఏళ్ల తరబడి నిశ్చింతగా సేవ చేస్తుంది, దాని బిట్ చవక కూడా.

బిట్ దొరకడం గురించి కాస్త నొక్కి చెప్పాలి, ఎందుకంటే అరుదైన బ్రాండు మంచి స్టేషన్ కొని, బిట్ అరిగిన రోజు నుంచి దాన్ని మూలన పెట్టేసినవారిని నేను చూశాను. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో 936 రకానికి సరిపోయే 900ఎం బిట్లు దాదాపు ప్రతి దుకాణంలోనూ ఉంటాయి, టి12 కూడా ఇప్పుడు సులువుగానే దొరుకుతోంది. అయితే వీటిలో నకళ్లు ఎక్కువ. నకిలీ బిట్ మీద ఇనుప పూత పలుచగా ఉండడం వల్ల త్వరగా గుంత పడుతుంది. కార్ట్రిడ్జ్‌లో హీటర్ కూడా బిట్‌తోనే ఉంటుంది కనుక నకిలీదైతే ఉష్ణోగ్రత కూడా తప్పుగా చూపవచ్చు. స్టేషన్ నకలైనా సర్దుకుపోవచ్చు గాని, బిట్ మాత్రం అసలుదే కొనండి.

అమెరికాలో ఉన్న బంధువుల చేత స్టేషన్ తెప్పించుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. అక్కడి ఎఫ్‌ఎక్స్-888డి, వెల్లర్ డబ్ల్యూఈ1010 వంటివి 120 వోల్టులకు తయారైనవి, లోపల ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టేషన్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అది కాలిపోతుంది. సెల్‌ఫోన్ ఛార్జర్ ఎక్కడైనా పనిచేస్తుంది కదా అని దీన్నీ అలాగే అనుకోకూడదు. వెనుక అంటించిన పట్టీ మీద వోల్టేజి చూడకుండా కొనవద్దు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వాడుకోవచ్చు, కాని దానిలో ఎర్త్ పిన్ అవతలి వైపుకు కొనసాగుతోందో లేదో పరీక్షించి తీరాలి.

ఎర్తింగ్ గురించి మన దగ్గర తగినంత శ్రద్ధ లేదని నాకు బాధగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌తో పనిచేసే చవక టి12 స్టేషన్లలోనూ, ల్యాప్‌టాప్ అడాప్టరుతో నడిచే చిన్న ఐరన్లలోనూ, ఎర్త్ కలపకపోతే, ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బిట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజి తేలుతూ ఉంటుంది. దాని కరెంటు చాలా తక్కువ కనుక చేతికి సన్నని జిల్లుమన్న స్పర్శ మాత్రమే తెలుస్తుంది, కాని మాస్‌ఫెట్ గేటుకు, మైక్రోకంట్రోలర్ కాలికి హాని చేయడానికి అది చాలు. పరీక్ష తేలిక. స్టేషన్ ప్లగ్గును గోడ నుంచి తీసి, మల్టీమీటరుతో బిట్ కొనకూ ప్లగ్గులోని లావు ఎర్త్ పిన్నుకూ మధ్య నిరోధం చూడండి. మంచి స్టేషన్‌లో అది 2 ఓమ్‌ల లోపే ఉండాలి. మీటరు ఏమీ చూపకపోతే స్టేషన్‌ను విప్పి, ఎర్త్ తీగను పెయింటు గీకేసిన లోహం మీద బోల్టుతో బిగించారో, హ్యాండిల్ దాకా తీసుకెళ్లారో చూడాలి. ఇదంతా సరిగ్గా ఉన్నా గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోతే ప్రయోజనం ఉండదు. పాత అద్దె షాపుల్లో ఆ మూడో రంధ్రం వెనుక తీగే లేని సందర్భాలు తక్కువేమీ కావు. కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్ చూపించండి.

స్టేషన్‌తో పాటు పెట్టెలో తరచుగా సన్నని మొనదేలిన బిట్ వస్తుంది. చూడటానికి సున్నితమైన పనికి తగినదిగా అనిపిస్తుంది గాని, జాయింటును తాకే వైశాల్యం మరీ తక్కువ కావడంతో వేడి పారదు, అప్పుడు మనం ఉష్ణోగ్రత పెంచుతాం, బిట్ కాలిపోతుంది. మామూలు పనికి 2.4 మిల్లీమీటర్ల ఉలి ఆకారపు బిట్ వాడండి, మాస్‌ఫెట్లకు, లగ్గులకు దానికంటే వెడల్పాటిది, ఐసీ కాళ్లను వరుసగా లాగడానికి కత్తి ఆకారపుది ఉంచుకోండి. దళసరి జాయింటు కరగకపోతే ముందు బిట్ మార్చాలి, డిగ్రీలు పెంచడం ఆ తరువాతి మాట.

ఇక బిట్ నల్లబడడం. బిట్ లోపల రాగి ఉంటుంది, వేడిని మోసేది అదే. రాగిని తగరం కరిగించి తినేస్తుంది కనుక దాని మీద ఇనుప పూత వేస్తారు. పనిచేసే కొనకు తగరపు కళాయి, టంకం అంటకూడని మిగతా భాగానికి క్రోమియం పూత ఉంటాయి. కొన మీది కళాయి వేడిలో గాలి తగిలి ఆక్సైడుగా మారితే కింది ఇనుము బయటపడి అది కూడా ఆక్సీకరణం చెందుతుంది. అప్పుడు టంకం గోళీలా జారిపోతుంది, వేడి కూడా సరిగ్గా దాటదు. ఇత్తడి గిన్నెకు కళాయి పోయాక పులుసు చెడిపోయినట్టే ఇక్కడా మొత్తం పని చెడిపోతుంది. ఇది త్వరగా జరగడానికి నేను ఎక్కువగా చూసే కారణాలు మూడు: 400 డిగ్రీలకు పైగా పెట్టి రోజంతా ఆపకుండా వదిలేయడం, పని అయ్యాక బిట్‌ను శుభ్రంగా తుడిచి వట్టి కొనతో స్టాండులో పెట్టడం, నల్లబడిన కొనను గరుకు కాగితంతో రుద్దడం. రెండవది మంచి అలవాటులా కనిపిస్తుంది కనుకనే ఎక్కువ నష్టం చేస్తుంది. తుడవవలసింది పని మొదలుపెట్టే ముందు. ముగించాక మాత్రం కొన మీద తాజా టంకం ముద్ద పెట్టి, దాన్ని అలాగే ఉంచి స్విచ్ ఆపాలి, అప్పుడు ఆక్సీకరణం చెందేది ఆ ముద్దే గాని కళాయి కాదు. గరుకు కాగితం, ఆకురాయి అయితే ఇనుప పూతనే తీసేస్తాయి, రాగి బయటపడిన బిట్‌ను ఎవరూ బతికించలేరు.

నేను సీసం ఉన్న వైరుకు 320 నుంచి 340, లెడ్-ఫ్రీ (సీసం లేని) వైరుకు 350 నుంచి 370 డిగ్రీలు వాడతాను. కొద్దిసేపు పని ఆపినా స్టేషన్ తనంతట తానే చల్లబడే ఏర్పాటు ఉంటే దాన్ని తప్పక ఆన్‌లో ఉంచుతాను. యూరప్‌లో 2006 జులై 1 నుంచి సీసం వాడకం మీద ఆంక్షలు అమల్లోకి రావడంతో, ఇప్పుడు మరమ్మతుకు వచ్చే చాలా బోర్డులు లెడ్-ఫ్రీవే. ఎస్‌ఏసీ305 అనే మిశ్రమంలో తగరం 96.5 శాతం ఉంటుంది, అది 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. తగరం ఎక్కువ, వేడీ ఎక్కువ కనుక ఇనుప పూత త్వరగా అరుగుతుంది, అలాంటి పనికి వేరే బిట్ ఉంచుకోవడం మంచిది. తుడవడానికి ఇత్తడి తీగ చుట్ట మేలు, ఎందుకంటే తడి స్పాంజి బిట్‌ను ఒక్కసారిగా చల్లబరుస్తుంది. స్పాంజే వాడితే నీళ్లు కారకుండా పిండి, బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్ పోయండి, మన బోరు నీళ్లలోని లవణాలు కొన మీద పేరుకుంటాయి. రేకు పనికి వాడే ఆసిడ్ పేస్టును స్టేషన్ దగ్గరకు రానివ్వకండి, అది బిట్‌నూ బోర్డునూ రెంటినీ తినేస్తుంది. లోపల రోజిన్ (చెట్టు జిగురు) నింపిన టంకం వైరు, రోజిన్ ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి తోడ్పడే పదార్థం) సరిపోతాయి.

ఇప్పటికే నల్లబడిన మీ బిట్లను పారేయకముందు ఒక ప్రయత్నం చేయండి. స్టేషన్‌ను 250 డిగ్రీల దగ్గర పెట్టి, ఇత్తడి తీగలో తిప్పుతూ, వెంటవెంటనే ఫ్లక్స్ ఎక్కువగా ఉన్న టంకం వైరు ఆనిస్తూ ఉంటే చాలాసార్లు కొన మళ్లీ వెండిరంగుకు వస్తుంది. మొండిగా ఉంటే టిప్ టిన్నర్ అనే పొడిలో ఒకసారి ముంచి తీసి వెంటనే టంకం పట్టించాలి, దాన్ని రోజూ వాడితే మాత్రం పూత తగ్గిపోతుంది. కొన మీద గుంత కనిపిస్తే ఇక ఆ బిట్ పని అయిపోయినట్టే.

బిట్ బాగానే ఉండి స్టేషన్ వేడెక్కకపోతే, తీగ హ్యాండిల్ దగ్గర తెగిందేమో ముందు చూడండి. 936 లోని అసలు సిరామిక్ హీటరైతే చల్లగా ఉన్నప్పుడు హీటర్ తీగల మధ్య 2.5 నుంచి 3.5 ఓమ్‌లు, సెన్సర్ తీగల మధ్య 43 నుంచి 58 ఓమ్‌లు చూపాలి. హ్యాండిల్‌ను బల్ల మీద కొట్టి టంకం దులపడం వల్ల ఈ సిరామిక్ పగులుతుంది. బిట్ తొడుగు నట్టును చేతివేళ్లతో బిగిస్తే చాలు, అప్పుడప్పుడు చల్లారాక విప్పి లోపలి బూడిద వంటి పొడిని దులిపేయండి.

సీసం ఆ వేడికి ఆవిరి కాదు, చేతుల నుంచి నోటికి చేరుతుంది కాబట్టి భోజనానికి ముందు సబ్బుతో కడుక్కోవాలి. పొగ రోజిన్‌ది, ఏళ్ల తరబడి పీల్చితే ఆస్తమా రావచ్చు. ముఖానికి పక్కగా గాలిని బయటకు లాగే ఫ్యాను పెట్టుకోండి.

మీ పనిని బట్టి నేనైతే ఎర్త్ పరీక్షలో నెగ్గిన టి12 స్టేషన్, అసలు బిట్లు రెండు ఉలివి, ఒకటి కత్తిది తీసుకుంటాను. రోజంతా లెడ్-ఫ్రీ పవర్ బోర్డుల మీదే పని చేయవలసి వస్తే, ఖర్చు ఎక్కువైనా జేబీసీ సి245 వైపు వెళతాను. ఏది కొన్నా మొదటిసారి వేడెక్కేటప్పుడే, టంకం కరిగే క్షణానికి కొన మీద వైరు ఆనించి కళాయి పట్టించండి.