డెషూట్స్‌లో స్టీల్‌హెడ్ పడట్లేదన్నారు కదా, టైమ్ మార్చి చూడండి

ఆగస్టులో మూడు మధ్యాహ్నాలు అమెరికాలోని ఒరెగాన్‌లో, డెషూట్స్ నదిలో, మాపిన్ ఊరి దగ్గర నిలబడినా ఒక్క స్టీల్‌హెడ్ (సముద్రానికెళ్లి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్) తగల్లేదు, పట్టి వదిలిన ట్రౌట్ ఏమో వెల్లకిలా తేలింది అన్నారు. రెండింటికీ ఎండే కారణమని నా అనుమానం. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే, పెనుగులాడి అలసిన ట్రౌట్ తేరుకోవడం కష్టం. చిన్న థర్మామీటర్ ఒకటి జేబులో పెట్టుకోండి.

స్టీల్‌హెడ్ కోసమైతే తెల్లవారుజామునే, లోయలోకి ఎండ దిగకముందే వెళ్లండి. తేలే లైన్ చాలు. ఫ్లైని (ఈకలు, దారాలతో కట్టిన ఎరని) అవతలి ఒడ్డు వైపు, కాస్త దిగువకి ఏటవాలుగా విసరండి. ప్రవాహమే దాన్ని మెల్లగా మీ ఒడ్డుకి తిప్పుకొస్తుంది. రెండడుగులు దిగువకి జరిగి మళ్లీ విసరండి. టక్కున తగిలిందా, వెంటనే రాడ్ ఎత్తకండి! మొదటి ఏడాది ఆ తొందరతోనే నేను మూడు పోగొట్టుకున్నా. రీలు గిర్రున తిరిగి, లైన్ బరువెక్కాకే ఎత్తాలి.

వీపు మీద, తోకకి ముందు, చిన్న కండ రెక్క ఉంటే అది నదిలో పుట్టిన చేప. నీళ్లలోంచి బయటికి తీయకుండానే వదిలేయండి. అన్నట్టు, దిగువ డెషూట్స్‌లో పడవలోంచి గాలం వేయకూడదు, దిగి నిలబడే వేయాలి. బయల్దేరే ముందు ఆ వారం నిబంధనలు ఒకసారి చూసుకోండి.