సాహితీ, నీ చాక్లెట్ల లిస్టు గురించి

సాహితీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ లిస్టు మొత్తం చదివి వినిపించింది. అక్క పెళ్లికి ఇంటింటికీ జర్మనీ చాక్లెట్లు పంచుతావట, అదీ శని, ఆదివారాలు పనిచేసి దాచుకున్న డబ్బుతో. మొన్నమొన్నటిదాకా నా హ్యాండ్‌బ్యాగులో చాక్లెట్ల కోసం వెతికిన పిల్లవి నువ్వు! ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం తెనాలిలో మే నెల ఎండ, మీ నాయనమ్మ మడి గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

నీ లిస్టులో సగం మిల్కాయే ఉంది. బాగానే ఉంటుంది, కాదనను. కానీ అది 1901లో పుట్టింది స్విట్జర్లాండ్‌లో. పైగా 100 గ్రాములుండే బార్‌ని ఈ మధ్య 90కి దించేశారు. నువ్వుంటున్నది హాల్లేలో కదే! 1804 నాటి హాలోరెన్ ఫ్యాక్టరీ మీ ఊళ్లోనే ఉంది. జర్మనీలో ఇంకా నడుస్తున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. ఒకప్పుడు ఆ ఊళ్లో ఉప్పు కాచేవాళ్ల కోటుకుండే వెండి గుండీల ఆకారంలో ఉండలు చేస్తారు చూడు, అవి ఒక పెట్టె తీసుకెళ్లి మీ నాన్నకి ఆ కథ చెప్పు. ఒక్క పెట్టె చాలు, లోపల మెత్తటి క్రీము, ఎండకి ఆగదు. లిక్కర్ పోసినవీ ఉంటాయి, చూసి తీసుకో.

పంచడానికి రిట్టర్ స్పోర్ట్ మేలు. మాకు దగ్గర్లో వాల్డెన్‌బుఖ్‌లో వాళ్ల ఫ్యాక్టరీ. 1932లో క్లారా రిట్టర్ అనే ఆవిడ, స్పోర్ట్స్ జాకెట్ జేబులో విరక్కుండా పట్టాలని ఆ నలుచదరం బార్ చేయిద్దామంది. సూట్‌కేసులోనూ పలకల్లా సర్దుకుపోతాయి. రంగుని బట్టి రకం: ఎర్రది మార్జిపాన్ అనే బాదం ముద్ద, తెల్లది యోగర్ట్, అలా. పిల్లలకి చిన్నవి తొమ్మిదేసి ఉన్న ప్యాకెట్లు తీసుకో. ఫ్యాక్టరీ షాపులో నేనే కొని పోస్టులో పంపిస్తాను, డబ్బుల మాటెత్తకు.

పెద్దవాళ్లకి లూబెక్ ఊరి మార్జిపాన్ తప్పకుండా నచ్చుతుంది. బాదంపప్పు, పంచదార నూరి చేస్తారు, మన బాదం బర్ఫీకి దగ్గర చుట్టం. నీడెరెగ్గర్ వాళ్లు 1806 నుంచి అదే పని మీద ఉన్నారు. బడ్జెట్ దాటితే ఆల్డీ సూపర్ మార్కెట్లో మోజర్ రోత్ చాక్లెట్లు తీసుకో, తక్కువ ధరకి మంచి సరుకు. ఈస్టర్ తర్వాత సగం ధరకిచ్చే చాక్లెట్ కుందేళ్ల జోలికి మాత్రం వెళ్లకు. లోపల డొల్ల, ఇంటికి చేరేసరికి పొడే మిగులుతుంది.

ఇక అసలు సంగతి. మా పెళ్లయిన కొత్తలో మేం మొదటిసారి ఇండియా వెళ్తూ చాక్లెట్లు కొన్నాం. మీ బాబాయికి అప్పటికి వచ్చిన జర్మన్ ఆఫీసులో గుడ్ మార్నింగ్ చెప్పడానికి సరిపోయేది, అంతే. షాపులో అన్నిటికన్నా ఖరీదైన పెట్టె, బంగారు రంగు రిబ్బనుతో ఉన్నది తీశారు. మీద ద్రాక్షగుత్తి బొమ్మ. "ద్రాక్షపళ్ల చాక్లెట్, అమ్మకి ఇష్టం" అన్నారు. వెనక చదివించండీ ఎవరిచేతనైనా అంటే వింటేనా!

పొన్నూరులో వసారా నిండా జనం. మా అత్తగారు కొడుకు తెచ్చాడని మురిసిపోతూ అందరికన్నా ముందు ఒకటి కొరికారు. పైన చాక్లెట్, లోపల పలచటి పంచదార పెంకు, దాని లోపల బ్రాందీ. గడ్డం మీంచి కారి చీర మీద పడింది. "ఇదేమిట్రా, దగ్గు మందులా ఉంది?" అన్నారు. మా పెదమామగారు ఒకటి తీసి వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకో రెండు జేబులో వేసుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. ఈలోపు మా ఆడపడుచు కొడుకు, ఆరేళ్లవాడు, ఎన్ని మింగాడో ఎవరూ చూడలేదు. వాడు సాయంత్రం మామూలుగానే నిద్రపోయాడు. అయినా వాళ్లమ్మ రాత్రంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

అత్తగారు తలారా స్నానం చేసొచ్చి ఆ పూట భోజనం మానేశారు. కొడుకుని ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత మేం ఏం తీసుకెళ్లినా అందుకుని, బాగుందని మెచ్చుకుని, పిల్లలకి పంచేసేవారు. పోయేదాకా మేం తెచ్చిన ఒక్క బిస్కెట్ కూడా నోట్లో పెట్టుకోలేదు. మీ బాబాయి ఇప్పటికీ సూపర్ మార్కెట్లో ఆ వరస కనిపిస్తే ట్రాలీ తిప్పేసుకుంటారు.

కాబట్టి నాకు కోపం తెప్పించకుండా ప్రతి ప్యాకెట్ వెనక చదువు. ఆల్కొహోల్, రుమ్, వైన్‌బ్రాండ్, లికోర్, కిర్ష్‌వాసర్, అన్నీ మద్యం మాటలే, వీటిలో ఏది కనిపించినా తిరిగి అక్కడే పెట్టేసెయ్. రిట్టర్‌లో కిస్‌మిస్, గింజలతో వచ్చే రకంలోనూ రమ్ ఉంటుంది. నురగలా ఉండే షోకోకుస్ గుడ్డు తెల్లసొనతో చేస్తారు, అవీ వద్దు. ఐవైస్ అనే మాట పోషకాల పట్టికలో ఉంటే ప్రొటీన్ అని, దానికి భయపడకు. పదార్థాల వరసలో విడిగా ఉంటే మాత్రం గుడ్డు కావచ్చు.

మీ నాన్నకి షుగర్ కదా, డార్క్ అయితే ఫర్వాలేదని 70 శాతం బార్ ఇవ్వాలనుకుంటున్నావేమో. అందులోనూ 100 గ్రాములకి దాదాపు 30 గ్రాములు పంచదారే. చిన్న ముక్క ఇచ్చి మిగతాది నువ్వే దాచెయ్.

కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. విమానంలో ఏమీ కాదు, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టు. శంషాబాద్ నుంచి తెనాలి దాకా కారు డిక్కీలో వేశారో, పులుసైపోతుంది. ఏసీలో నీ కాళ్ల దగ్గర పెట్టుకో. టోఫిఫే అనే మిఠాయిలో గిన్నె క్యారమెల్‌ది, చాక్లెట్ పైన చుక్కంతే, కాబట్టి అది కాస్త తట్టుకుంటుంది. ఒకసారి మెత్తబడి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన వెన్న. ఎవరైనా పారేస్తుంటే ఆపు.

ఆదివారం షాపులుండవు, కొనడం చివరిరోజుదాకా పెట్టుకోకు. డబ్బులన్నీ దీనికే ఊడ్చిపెట్టకు కూడా. పెళ్లిలో నువ్వు కనబడితే చాలు మీ అమ్మకి.

ఏ పెట్టె మీదైనా అనుమానం వస్తే వెనకవైపు ఫొటో తీసి నాకు పంపు, అర్ధరాత్రైనా సరే. మీ బాబాయికి మాత్రం పంపకు.

మీ పిన్ని