తోకలో చాకు

ప్రశ్న: సర్, మా బాబు పోరు పడలేక నెల కింద నీలం రంగు సముద్రపు చేప కొన్నాం, పౌడర్ బ్లూ ట్యాంగ్ అన్నారు షాపులో. మొన్న ట్యాంకు కడుగుతుంటే నా చేతికి బ్లేడు గీసినట్టు తెగింది. ఇది కరుస్తుందా? ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కూడా వస్తున్నాయి. ట్యాంకు 90 లీటర్లది.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కరవలేదండీ, కోసింది! ఇది సర్జన్ ఫిష్ జాతి, పేరు ఊరికే రాలేదు. తోక మొదట్లో రెండు పక్కలా ఒక్కో ముల్లు ఉంటుంది, మామూలుగా మడత చాకులాగా గాడిలో పడుకుని ఉంటుంది కాబట్టి మనకి కనబడదు, భయపడి తోక విసిరిందంటే చాకు బయటికొస్తుంది, అడ్డమొచ్చింది మీ చెయ్యి. గాయం సబ్బునీళ్లతో బాగా కడగండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి, వాపు పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇకమీదట వలతో కూడా జాగ్రత్త, ముల్లు దారాలకి చిక్కుకుంటుంది, ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా ఎత్తడం మేలు.

చుక్కలంటారా, అది ఇక్, పరాన్నజీవి. ఈ చేపకి మరీ తొందరగా పడుతుంది. కాపర్ మందు వెయ్యొచ్చు గానీ ఉన్న ట్యాంకులో వద్దు, రొయ్యలూ పగడాలూ ఉంటే చచ్చిపోతాయి, వేరే తొట్టిలో అదే ఉప్పదనం నీళ్లు కలిపి అందులో చెయ్యాలి. మందు మోతాదు టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ ఉండాలి, ఎక్కువైతే చేపకే ప్రమాదం.

అసలు గొడవ ట్యాంకుది. లక్షద్వీప్, మాల్దీవుల వైపు పగడాల దిబ్బల మీద పొద్దస్తమానం ఈదుతూ నాచు గీక్కుని తినే చేప ఇది, ఒక్కోచోట గుంపులు గుంపులుగా మేస్తాయి, నాచు పెరిగి పగడాల్ని కప్పెయ్యకుండా ఉండేది ఇలాంటి వాటివల్లే. దానికి 90 లీటర్లంటే మన సిటీ బస్సులో ఫుట్‌బోర్డ్ మీద కాపురం పెట్టినట్టు. కనీసం నాలుగైదు వందల లీటర్లు, ఆరడుగుల పొడవు ఉంటే నయం. అమ్మినవాళ్లు ఈ ముక్క చెప్పాల్సింది, చెప్పలేదు, ఏం చేస్తాం! వెనక్కి తీసుకుంటారేమో అడగండి, ఈలోపు ఉప్పూ మసాలా లేని నోరి షీటు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, క్లిప్పుకి తగిలించి రోజూ పెట్టండి.

ఒంటరిగా ఉందని ఇంకో ట్యాంగ్ తోడు తేవద్దు సుమా, ఇరుకు చోట రెండూ చాకులు తీస్తాయి.