వాసన చూడటం పాప పని కాదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మావారు పన్నెండేళ్ళుగా తాగుతున్నారు. కిందటేడు డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. వచ్చాక ఏడు నెలలు ముట్టలేదు. మందులు మాత్రం రెండు నెలలకే ఆపేశారు. పాప నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. ఆయన ఇంటికి రాగానే పాపే ఎదురెళ్ళి, చేతిలో క్యారేజీ అందుకుంటూ వాసన చూసి నాకు సైగ చేసేది. టెన్త్ చదువుతోంది. కనుమ నాడు మా పుట్టింట్లో అన్నయ్యతో కూర్చుని మళ్ళీ తాగారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు. మర్నాడు పాపకి జ్వరమొస్తే "ఒట్టు తగిలిందా అమ్మా?" అని ఏడ్చింది. తెలియకుండా మజ్జిగలో కలిపిస్తే తాగుడు మాన్పించే మాత్ర ఉందని పక్కింటావిడ అంటున్నారు. రోజుకి ఎంత కలపాలి?

జవాబు: అమ్మా, మాత్ర సంగతి ముందు తేల్చేస్తాను. కలపొద్దు. ఆవిడ చెప్పింది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది తాగాలన్న యావను చంపదు. లోపలికి పోయిన ఆల్కహాల్ పూర్తిగా విరగకుండా మధ్యలో ఆపేస్తుంది. దాంతో ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉండొచ్చు. గుండె, లివర్ పరీక్షలు చేసి, మనిషికి చెప్పి, ఒప్పించి డాక్టరు ఇచ్చే మందు అది. యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేరే ఉన్నాయి. ఏది సరిపోతుందో ఆయన్ని కూర్చోబెట్టుకుని సైకియాట్రిస్టు తేల్చాలి. మజ్జిగ గ్లాసుతో మీరు కాదు.

ఇక మీరు అడగని విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది మీవారు కాదు, పాప చేతికి మీరు అప్పగించిన ఆ ఉద్యోగం.

గేటు దగ్గర ఆ పిల్ల ఏం చేస్తోందో ఒక్కసారి చూడండి. నాన్న వస్తుంటే ఎదురెళ్తుంది. ముఖాన నవ్వు ఉంటుంది, ముక్కు మాత్రం పని చేస్తుంటుంది. వాసన వస్తే అమ్మకి చెప్పాలి. చెబితే రాత్రికి గొడవ. చెప్పకపోతే అమ్మకి ద్రోహం. పదిహేనేళ్ళ పిల్ల రోజూ సాయంత్రం ఈ లెక్క వేసుకుంటోంది. పైగా నాన్న తాగితే తన నెత్తికే చుట్టుకుంటుందని మీరే నమ్మించారు. జ్వరం వైరస్ వల్లే వచ్చి ఉంటుంది, కానీ ఆ భయం మీరు పెట్టింది. "ఆయన పాప మాట వింటారు కదా" అని మీరు అనొచ్చు. వింటే మాత్రం? బిడ్డను కాయడం తల్లిదండ్రుల పని. తండ్రిని కాయడం బిడ్డ పని అని ఏ ఇంట్లోనూ చెప్పరు.

ఒట్టు ఎందుకు నిలవలేదో తెలుసా? ప్రేమ లేక కాదు. ఏళ్ళ తరబడి తాగిన మెదడు ఆ సుఖాన్నే కాదు, దాని చుట్టూ ఉన్నవన్నీ గుర్తుపెట్టుకుంటుంది. కనుమ, నాటుకోడి వేపుడు, మేడ మీద చాప, "ఒక్క పెగ్గే కదా బావా" అనే గొంతు. అవన్నీ ఒకేచోట ఎదురైతే ఒట్టు గుర్తుకొచ్చేలోపే చెయ్యి గ్లాసు మీదికి పోతుంది. అందుకే దీన్ని జబ్బు అన్నారు. బీపీలాగే తిరగబెడుతుంది, బీపీలాగే మందులు, చెకప్‌లు కావాలి. మీరు ఏడు నెలలూ వాసన చూశారు కానీ, ఆగిపోయిన మందుల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ ఏడు నెలలు బూడిదలో పోయలేదు లెండి. మానగలనని ఆయనకీ తెలిసింది.

మీ అన్నయ్యను ఏమన్నారో రాయలేదు. ఏమీ అని ఉండరు, అల్లుడి మర్యాద కదా! నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మీదికే వెళ్ళారు. మీరు కనీసం మీ అన్న గుమ్మం దాకా వెళ్ళండి. "మా ఆయన ఉన్నంతసేపు సీసా కనబడితే పండక్కి మేం రాం" అని చెప్పండి. పుట్టింటి పరువు ఏమీ పోదు.

ఇవాళే పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాం, నాన్నది జబ్బు, నీవల్ల రాలేదు, నీవల్ల పోదు" అని చెప్పండి. మీవారు కూడా ఉంటే మంచిది, తాగని పూట చూసి. ఈ మాట మీకూ వర్తిస్తుంది. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం 1951 నుంచీ నడుస్తున్న అల్-అనాన్‌లో మొదట చెప్పేది ఇదే: దీనికి కారణం మీరు కారు, అదుపు చేయలేరు, నయం చేయలేరు. ఆ సమావేశాలు దగ్గర్లో ఉంటే వెళ్ళండి. లేకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్యానికి సలహా ఇచ్చే టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి. డబ్బులు పడవు. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక జాగ్రత్త. రోజూ తాగే దశకి వస్తే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆపైన మతి తప్పి ఏవేవో కనబడుతున్నాయంటారు. అలాంటప్పుడు నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

మార్చిలో టెన్త్ పరీక్షలు. ఈలోగా ఆయన వచ్చే వేళకి పాప ట్యూషన్లోనో, స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటూనో ఉండేలా చూడండి. క్యారేజీ మీరే అందుకోండి. పన్నెండేళ్ళుగా ఆ తాగుడుతో కాపురం చేసినవారు, ఆయన తాగి వచ్చాడో లేదో చెప్పడానికి మీకు ఇంకొకరి ముక్కు అక్కర్లేదు.